ఎచ్చెర్లకు ముందు ఎం.ఎ.

మూడేళ్ల డిగ్రీ మీద రెండేళ్ల పీజీయా, నాలుగేళ్ల ఆనర్స్ మీద ఏడాది పీజీయా అన్న తికమక 2020 జాతీయ విద్యావిధానంతోనే పుట్టిందని అంటున్నారు. ఉత్తరాంధ్ర మట్టుకు ఆ మాట సరికాదు.

విజయనగరం మహారాజా వారి బడి 1879లో కాలేజీ అయింది. గురజాడ 1886లో అక్కడే బి.ఎ. అయ్యారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది, 1931లో వాల్తేరులో ఆర్ట్స్ కాలేజీ తెరిచారు. ఇదంతా తెలిసిందే.

ఆ తర్వాతి పాతికేళ్లనే మన చరిత్రలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. ఆనాటి పెద్దల పేరు పక్కన ఎం.ఎ. కనబడితే రెండేళ్ల పీజీ అనుకుంటాం. చాలామంది చదివింది ఇంటర్మీడియట్ మీద మూడేళ్ల ఆనర్స్. మద్రాసు విశ్వవిద్యాలయం పద్ధతే ఇక్కడా నడిచింది. ఆనర్స్ నెగ్గినవారు కొంతకాలానికి రుసుము కడితే చాలు, మరో పరీక్ష లేకుండా ఎం.ఎ. చేతికొచ్చేది. రెండేళ్ల పాస్ బి.ఎ. వారు మళ్లీ చదివి, మళ్లీ రాయాలి. అలాగని అది తేరగా వచ్చిన పట్టా కాదు, మూడేళ్లూ ఒకే శాస్త్రంలో మునగాలి. స్వర్ణయుగమూ కాదు. పదిహేడేళ్లకే దారి తేల్చుకోవాలి, వాల్తేరు హాస్టలు ఖర్చు ఇంట్లో భరించాలి. ఆ చదువుతోనే ఉద్యోగం ఖాయమనీ లేదు. గణాంకశాస్త్రవేత్త సి.ఆర్. రావు అంతటివారు వాల్తేరులో గణితం ముగించి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, 1943లో గణాంకశాస్త్రంలో మరో ఎం.ఎ. చేశారు.

నా లెక్కలో ఇక్కడ ఎం.ఎ. రూపురేఖలు మార్చింది కోర్సు రకం కన్నా దూరం. ఇచ్ఛాపురం నుంచి విశాఖకు రెండువందల కిలోమీటర్ల పైమాటే. 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ చదువు మొదలుపెట్టింది. 1977లో శ్రీకాకుళం దగ్గరి ఎచ్చెర్లలో పీజీ కేంద్రం పెట్టింది, అదే 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయమైంది. ఇంట్లో అన్నం తిని బస్సెక్కి ఎం.ఎ. చదవడం శ్రీకాకుళం పిల్లలకు ఆ కేంద్రం వచ్చాకే కుదిరింది. ఈ మలుపుకు మన చరిత్రల్లో దక్కిన చోటు చాలా తక్కువ.

ఇక నేటి సంగతి. పాత ఆనర్స్‌లో ఒక ఏడాది కలిసివచ్చేది. ఇప్పుడు మూడూ రెండూ అయిదే, నాలుగూ ఒకటీ అయిదే. కలిసొచ్చే ఏడాది లేనప్పుడు అడగాల్సింది ఒక్కటే: ఆ నాలుగో ఏడాది ఏ ఊళ్లో దొరుకుతుంది? పలాసలో, పాలకొండలో, పార్వతీపురంలో దొరికితే మంచిదే. దొరక్కపోతే ఆనర్స్ మళ్లీ వాల్తేరు బండెక్కుతుంది, ఎక్కలేనివారు మళ్లీ ఇంటిదగ్గరే ఆగిపోతారు.