కబురు మోసినవాళ్ల మనవలు



టెన్త్ ఫలితాలు రాగానే ప్రతి ఏడూ మన వాడల్లో ఒకే చర్చ. పిల్లను ఇంటర్‌లో వెయ్యాలా, పాలిటెక్నిక్‌లో వెయ్యాలా? ఈ మధ్య పాలిటెక్నిక్ బ్రాంచీల్లో కమ్యూనికేషన్ అండ్ కంప్యూటర్ నెట్‌వర్కింగ్ అనే మూడేళ్ల డిప్లొమా కూడా చేరింది. దాన్ని చూసి "ఏముంది, కేబుల్ పనేగా" అని తీసిపారేసేవాళ్లు ఉన్నారు. వాళ్లకు జవాబు చెప్పడం తేలిక. ఇంకో మాట మన ఉద్యమ మిత్రుల నోటి నుంచే వస్తున్నది: "పై కులాల పిల్లలకు పెద్ద చదువు, మన పిల్లలకు మళ్లీ చేతిపనా?" ఈ మాట వెనుక వందల ఏళ్ల అనుభవం ఉంది. అందుకే దీన్ని కొట్టిపారెయ్యను. అట్లని ఒప్పుకోను కూడా. ఎందుకో చెప్పాలంటే ముందు పాలకుర్తికి వెళ్లాలి.

తెలుగులో "వృత్తి విద్య" అంటాం. ఆ వృత్తి అన్న మాట వినగానే మనకు ముందు గుర్తొచ్చేది కులవృత్తి. ఇంగ్లిష్‌లో ఒకేషనల్ అన్నప్పుడు తగలని దెబ్బ తెలుగులో తగులుతుంది. తెలుగు సాహిత్యం పాఠం చెప్పే మనిషిని కాబట్టి ఈ మాట నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నది.

పాలకుర్తి అనగానే సాహిత్యం చదివినవాళ్లు పాల్కురికి సోమనాథుడిని తలుస్తారు. 13వ శతాబ్దంలో ఆయన రాసిన బసవపురాణం ద్విపద కావ్యం. అందులో రాజులు, పండితుల పక్కన చాకలి మడివాలు మాచయ్య, మాదార చెన్నయ్య వంటి భక్తులు తలెత్తుకుని నిలబడతారు. శ్రమ చేసేవాళ్లను కావ్యంలో అంత గౌరవంగా కూర్చోబెట్టడం చిన్న సంగతి కాదు. కానీ ఒకటి గమనించండి. శివుడి ముందు మాచయ్య ఎవరికీ తీసిపోడు, అయినా అతని పని మాత్రం బట్టలు ఉతకడమే. భక్తి అతనికి గౌరవం ఇచ్చింది, పని మార్చుకునే దారి ఇవ్వలేదు.

సుమారు ఏడు వందల ఏళ్ల తర్వాత అదే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ ఆ దారి కోసమే నిలబడింది. 1940లలో ఆమె మల్లంపల్లి మక్తేదారు దగ్గర భూమి కౌలుకు తీసుకుని పంట పండించింది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఆ పంటను, భూమిని లాక్కోవాలని చూశాడు. సంఘం కార్యకర్తలు అండగా నిలబడి పంట కోసి ఆమె ఇంటికి చేర్చారు. ఈ కథను మనం భూమి కథగా చెప్పుకుంటాం. అది నిజమే. నాకు అందులో ఇంకొకటి కూడా కనిపిస్తుంది. గడీ బట్టలు ఉతకాల్సిన మనిషి సేద్యం చెయ్యడం దొరకు సహించరానిది అయింది. ఆమె ఎకరాల కోసం ఎంత కొట్లాడిందో, కులం అంటగట్టిన పనిని దాటడానికి కూడా అంతే కొట్లాడింది.

ఇక మన వాడ సంగతి. పాలకుర్తి అప్పుడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. ఆ కాలపు వెట్టి గురించి పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో వివరంగా రాశారు. ప్రతి దళిత కుటుంబం నుంచి ఒక మనిషి వెట్టికి పోవాలి. పటేల్, పట్వారీ, దేశ్‌ముఖ్‌ల ఇళ్లలో చాకిరీ చెయ్యాలి. చావడి దగ్గర, బందెలదొడ్డి దగ్గర కాపలా ఉండాలి. తోలుపని చేసేవాళ్లు చెప్పులు, బొక్కెనలు, కాడికట్లు ఊరికే కుట్టి ఇవ్వాలి. ఈ జాబితాలో ఇంకో పని ఉంది, దాన్ని మనం పెద్దగా పట్టించుకోం. పోలీసు ఠాణాకు, తాలూకా కచేరీకి ఊరి రిపోర్టులు మోసుకుపోవడం.

అంటే ఏమిటి? ఊరిని కచేరీతో కలిపిన తీగ మన తాతల కాళ్లు. సర్కారు హుకుం వస్తే వాడవాడకూ వినిపించింది మన డప్పు. చావు కబురు పక్క ఊరికి చేర్చింది మనవాళ్లే. ఎండలో, వానలో, రాత్రిపూట కాలినడకన నడిచిన ఆ వ్యవస్థకు ఈనాటి భాషలో పేరు పెట్టమంటే కమ్యూనికేషన్ నెట్‌వర్క్ అనే అంటాను. ఆ నెట్‌వర్క్‌ను నడిపినవాళ్లకు కూలి లేదు. అంతకంటే దారుణం, చేతిలోని కాగితంలో ఏముందో తెలియదు. తన మీదే ఫిర్యాదు రాసి తన చేతికే ఇచ్చి ఠాణాకు పంపినా, మడిచిన ఆ కాగితాన్ని అట్లాగే మోసుకుపోవాల్సిందే. మోసే బాధ్యత మనది, చదివే అధికారం వాళ్లది.

మెదక్ వైపు బేగరి అన్నది ఇప్పటికీ కొన్ని కుటుంబాల ఇంటిపేరు. రాజ్యాంగం 23వ అధికరణ తెరిచి చూడండి. మనుషుల క్రయవిక్రయాలతో పాటు నిషేధించిన వాటిలో "బేగార్" అన్న మాట కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో రాసిన చట్టంలో కూడా ఆ మాటకు బదులు వేరే మాట పెట్టలేదు.

వెట్టి పోయింది, అయితే బడి ఏం చేసింది? 1953లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజాజీ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో ఒక పథకం పెట్టారు. పిల్లలు కొద్ది గంటలు బడిలో ఉండాలి, మిగతా సమయం ఇంటి వృత్తి నేర్చుకోవాలి. మంగలి పిల్లవాడు కత్తి దగ్గరికి, మాదిగ పిల్లవాడు తోలు దగ్గరికి పోవాలన్నమాట. పెరియార్ దాన్ని కులవిద్య అని పేరు పెట్టి ఎదిరించారు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక దాన్ని ఎత్తేశారు. మన మిత్రుల అనుమానం ఊరికే పుట్టలేదు అన్నది అందుకే. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలను పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటివారి దగ్గర పని నేర్చుకోమన్నది. పని విలువ తెలియడం మంచిదే. అయితే ఆ పది రోజుల తర్వాత ఎవరి పిల్లలు పుస్తకాలకు తిరిగి వస్తారు, ఎవరి పిల్లలు ఆ పని దగ్గరే ఉండిపోతారు అన్నది మనం కాపలా కాయాల్సిన ప్రశ్న.

అమెరికాలో నల్లజాతి వాళ్లు కూడా ఈ ప్రశ్నతో పెనుగులాడారు. 1881లో టస్కెగీ విద్యాసంస్థను మొదలుపెట్టిన బుకర్ టి. వాషింగ్టన్ ముందు చేతిపనుల చదువు, హక్కులు తర్వాత అన్నట్టు మాట్లాడాడు. డ్యూబాయిస్ 1903లో వచ్చిన తన పుస్తకంలో ఆ వైఖరిని విమర్శించాడు. డ్యూబాయిస్ పని నేర్పడాన్ని తప్పుపట్టలేదు. ఓటు హక్కు, పౌర సమానత్వం, ఉన్నత చదువు వదులుకుని పని నేర్చుకోమనడాన్ని తప్పుపట్టాడు.

మరి బాబాసాహెబ్ ఏమన్నారు? చాలామంది ఆయన్ను న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం దగ్గరే ఆపేస్తారు. 1942 అక్టోబరులో, వైస్రాయి కార్యవర్గంలో సభ్యుడిగా ఉండగా, షెడ్యూల్డ్ కులాల కష్టాల మీద ఆయన ఒక వినతిపత్రం ఇచ్చారు. ఆర్ట్స్, లా చదువులు మనవాళ్లకు పెద్దగా అక్కరకు రావని, సైన్స్, టెక్నాలజీ చదువులే మేలు చేస్తాయని అందులో వాదించారు. దేశంలో ఆ చదువులకు స్కాలర్‌షిప్‌ల కింద ఏటా 2 లక్షల రూపాయలు, విదేశీ చదువుకు ఏటా 1 లక్ష అడిగారు. అక్కడితో ఆగలేదు. ప్రభుత్వ ముద్రణాలయాల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో మన పిల్లలను అప్రెంటిస్‌లుగా తీసుకోవాలన్నారు. 1944-45 నుంచి షెడ్యూల్డ్ కులాల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. ఈ రోజు డిప్లొమా చదివే పిల్ల దరఖాస్తు చేసుకునే స్కాలర్‌షిప్ మూలం అక్కడ ఉంది.

యంత్రం దగ్గరికి పొమ్మన్న బాబాసాహెబ్‌కూ, కులవృత్తి దగ్గరికి పొమ్మన్న రాజాజీకీ తేడా ఏమిటి? రెండూ పని నేర్చుకోవడమే కదా? కాదు. పుట్టుకతో వచ్చిన పనికి బడి ముద్ర వేసింది రాజాజీ పథకం. పుట్టుక మూసేసిన పనుల్లోకి తలుపు తెరవమన్నారు బాబాసాహెబ్. మనిషి పని మార్చుకోకుండా కులం అడ్డుపడటం నిరుద్యోగానికి ఒక కారణమని 1936లోనే కులనిర్మూలనలో ఆయన వాదించారు.

స్వాతంత్ర్యం తర్వాత కాగితం మీద లక్ష్యాలకు కొదవ లేదు. 1986 జాతీయ విద్యా విధానం 1990 నాటికి హయ్యర్ సెకండరీ విద్యార్థుల్లో 10 శాతం, 1995 నాటికి 25 శాతం వృత్తి కోర్సుల్లో ఉండాలన్నది. 1992లో ఆ గడువులను 1995కు, 2000కు జరిపారు. 19 నుంచి 24 ఏళ్ల మధ్య పనిచేసేవాళ్లలో లాంఛనంగా వృత్తి విద్య అందుకున్నది 5 శాతం లోపేనని 2020 విధానపత్రమే ఒప్పుకున్నది. వృత్తి విద్యను తక్కువగా చూడటం దీనికి ఒక కారణమని కూడా చెప్పింది. ఆ తక్కువచూపు వెనుక ఉన్న కులం పేరు మాత్రం ఎత్తలేదు.

ఇప్పుడు నెట్‌వర్క్ చదువు దగ్గరికి వద్దాం. ఈ చదువు అడుగున చేతిపని ఉంది, నిజమే. ఈథర్‌నెట్ కేబుల్‌లోని ఎనిమిది తీగలను రంగుల వరుస తప్పకుండా పేర్చి క్రింపింగ్ చెయ్యాలి. 125 మైక్రాన్ల మందం ఉన్న గాజు పోగులను స్ప్లైసింగ్ మెషిన్ మీద అతకాలి. దాని పైన ఇంకో చదువు ఉంది. ఐపీ అడ్రస్‌లు పంచడం, సబ్‌నెట్ విడగొట్టడం, రౌటర్‌కు దారులు చెప్పడం, ఫైర్‌వాల్ పెట్టడం. రౌటర్ పాకెట్ మీద ఉన్న చిరునామా చదివి ఎటు పంపాలో తేలుస్తుంది. మన తాతలకు ఆ చిరునామా చదివే అక్షరం కూడా దక్కలేదు. వాళ్ల మనవరాలు ఈ రోజు ఏ కబురు ఏ దారిన పోవాలో, ఏది లోపలికి రాకూడదో నిర్ణయించే చదువు చదువుతున్నది. దీన్ని చిన్న చదువు అనడానికి నాకు నోరు రాదు.

అయితే ఈ రంగంలో కూడా మెట్లు ఉన్నాయి. 2011లో కేంద్రం ఆమోదించిన ఫైబర్ పథకం, ఇప్పటి భారత్‌నెట్, సుమారు 2.5 లక్షల గ్రామ పంచాయతీలను కలపాలనుకున్నది. మన రాష్ట్రంలో మిషన్ భగీరథ నీళ్ల పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ గొట్టాలు వేశారు. ఆ కందకాలు తవ్విన చేతులు ఎవరివో, సర్వర్ గదిలో చల్లగా కూర్చున్నది ఎవరో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. డిప్లొమా పట్టుకున్న మన పిల్లవాణ్ణి కాంట్రాక్టర్ పదేళ్లు నిచ్చెన మీదే ఉంచితే, అది కొత్త బేగరితనమే అవుతుంది.

అందుకే విద్యార్థులకు ఒక మాట. కేబుల్ దగ్గర ఆగకండి. ల్యాబ్‌లో రౌటర్ బీరువాలో ఉంటే బయటికి తియ్యమని అడగండి. సబ్‌నెట్ లెక్కలు చేతికి వచ్చేదాకా చెయ్యండి. తెలుగు మీడియం నుంచి వచ్చామని బెదరకండి, ఆ ఇంగ్లిష్ మాటలు ఎవరి ఇంట్లోనూ పుట్టలేదు, అందరూ నేర్చుకున్నవే. ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలోకి నేరుగా పోవచ్చు, ఆ తలుపు తెరిచే ఉంది.

కార్యకర్తలకు ఇంకో మాట. పాలిసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో మన హెల్ప్‌డెస్క్‌లు వాడల్లో ఉండాలి. ఫీజు బకాయి పేరుతో సర్టిఫికెట్లు ఆపే కాలేజీల ముందు మన జెండా ఉండాలి. చదివిన పిల్లకు మెమో చేతికి రాకపోతే, కాగితం మళ్లీ వాళ్ల దగ్గరే ఉన్నట్టు.

ఏ వృత్తి విద్యనైనా ఒకటే అడగండి. మోసేవాడికి చదివే అధికారం ఇస్తున్నదా, ఇష్టం లేకపోతే వదిలి పోయే దారి ఉంచుతున్నదా? ఇస్తే అది బాబాసాహెబ్ అడిగిన చదువు. ఇవ్వకపోతే దాని పేరు ఎంత కొత్తదైనా అది వెట్టే.

వచ్చే భాగంలో భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్‌లో పెట్టిన బడుల గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.