కెర్నెల్లో ఒక దుబాసీ

ఏనుగుల వీరాస్వామి అనగానే మనకు కాశీయాత్ర చరిత్ర గుర్తుకొస్తుంది. ఆయన ఉద్యోగం మాత్రం మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ పని. జడ్జీకి తెలుగు రాదు, సాక్షికి ఇంగ్లీషు రాదు. మధ్యలో ఒకడు నిలబడి ఇటు మాట అటూ అటు మాట ఇటూ చేరవేస్తేనే కోర్టు నడిచేది. కంపెనీ కాలపు చరిత్రలో దుబాసీలది చిత్రమైన స్థానం. వాళ్ళు లేకపోతే పని జరగదు, అలాగని వాళ్ళను పూర్తిగా నమ్మేవాళ్ళూ ఉండరు. లినక్స్ చరిత్రలోనూ అలాంటి దుబాసీ ఒకటుంది. దాని పేరు ఎన్‌డిస్‌రాపర్.

2003 మార్చిలో ఇంటెల్ సెంట్రినో పేరుతో వైఫై కలిసివచ్చే లాప్‌టాప్‌లకు ప్రచారం మొదలుపెట్టింది. అంతకుముందు చాలామంది విడిగా కార్డు కొని దూర్చుకునేవాళ్ళు. ఇక అది లాప్‌టాప్‌తోపాటే వచ్చే మామూలు సరంజామా అయిపోయింది. అయితే ఏ హార్డ్‌వేర్‌నైనా ఆపరేటింగ్ సిస్టమ్ వాడుకోవాలంటే మధ్యలో డ్రైవర్ అనే ప్రోగ్రాం ఉండాలి. చిప్ తయారీదార్లు విండోస్‌కి డ్రైవర్ ఇచ్చారు. చాలామంది లినక్స్‌కి ఇవ్వలేదు సరికదా, తమ చిప్ ఎలా పనిచేస్తుందో చెప్పే కాగితాలు కూడా బయటపెట్టలేదు.

ఆ ఏడాదే పాంటస్ ఫుక్స్ ఎన్‌డిస్‌రాపర్ మొదలుపెట్టాడు. తర్వాత దాన్ని ఏళ్ళ తరబడి పెంచి పెద్దచేసినవాడు గిరిధర్ పెమ్మసాని. సోర్స్ ఫైళ్ళ మొదట్లో ఈ ఇద్దరి పేర్లూ కనిపిస్తాయి. పెమ్మసాని అన్న ఇంటిపేరు గండికోట చరిత్ర చదివినవాళ్ళకు కొత్తదేమీ కాదు. వైఫై కోసం తిప్పలుపడ్డ మన కుర్రాళ్ళలో ఎంతమంది ఆ పేరు గమనించారో గానీ.

వాళ్ళ ఉపాయం వినడానికి మొండిగా ఉంటుంది: విండోస్ డ్రైవర్నే ఉన్నదున్నట్టు లినక్స్ కెర్నెల్లోకి ఎక్కించెయ్యడం. నెట్‌వర్క్ డ్రైవర్లు విండోస్‌తో మాట్లాడటానికి ఎన్‌డిస్ అనే కట్టుబాటు ఉంది. “నాకింత మెమరీ కావాలి”, “ప్యాకెట్ వచ్చింది, తీసుకో” అని డ్రైవర్ విండోస్‌ని పిలుస్తుంది. ఆ పిలుపులకు విండోస్ బదులు ఎన్‌డిస్‌రాపర్ పలుకుతుంది. డ్రైవర్‌కి తను పరాయి ఇంట్లో ఉన్నట్టే తెలియదు. 64 బిట్ల యంత్రాల మీద తంటా ఇంకొంచెం ఎక్కువ. ఫంక్షన్‌ని పిలిచేటప్పుడు మొదటి విలువను విండోస్ ఆర్‌సిఎక్స్ అనే రిజిస్టర్‌లో పెడుతుంది, లినక్స్ ఆర్‌డిఐలో వెతుకుతుంది. ఇంగ్లీషు వాక్యంలో చివరనున్న కర్మను తెలుగులో క్రియకు ముందుకు తెచ్చినట్టు, ప్రతి పిలుపుకీ వరుస మార్చాలి. పైగా విండోస్ డ్రైవర్లు కెర్నెల్లో 12 కిలోబైట్ల స్టాక్ ఉంటుందన్న ధీమాతో రాసినవి. లినక్స్ అప్పట్లో ఇచ్చేది 8, కొన్ని పంపిణీల్లో 4. గీత దాటితే కెర్నెల్ మొత్తం కూలుతుంది.

మా పామూరు లాంటి ఊళ్ళలో దీని విలువ ఇంకోలా తెలిసేది. 2009 ప్రాంతంలో లినక్స్ మా దాకా వచ్చింది నెట్ మీద కాదు, పోస్టులో. ఉబుంటు వాళ్ళు అడిగినవాళ్ళకు సీడీలు ఉచితంగా పంపేవాళ్ళు, 2011 దాకా. సీడీ వేస్తే అన్నీ బాగానే ఉంటాయి, వైఫై తప్ప. డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. పెళ్ళయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కాదు. నగరంలో కాలేజీ ల్యాబులో తీగ తగిలించుకుని గండం గట్టెక్కొచ్చు. ఇక్కడ ఆ తీగ లేదు. ఉన్నదల్లా లాప్‌టాప్ పెట్టెలో వచ్చిన విండోస్ డ్రైవర్ల సీడీ. ఎన్‌డిస్‌రాపర్‌కి సరిగ్గా అదే కావాలి.

ఇంత చేసినా కెర్నెల్ రాసేవాళ్ళు దాన్ని పంక్తిలో కూర్చోబెట్టుకోలేదు. ఎన్‌డిస్‌రాపర్ తనమటుకు తాను జీపీఎల్ కిందే ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. అది మోసుకొచ్చేది మాత్రం మూసిపెట్టిన కోడ్. అందుకని మాడ్యూళ్ళను ఎక్కించే కెర్నెల్ కోడ్‌లో దీన్ని పేరుపెట్టి మరీ పట్టుకున్నారు: వచ్చిన మాడ్యూల్ పేరు ఎన్‌డిస్‌రాపర్ అయితే కెర్నెల్ మైలపడినట్టు గుర్తు వెయ్యి, అని. మైలపడిన కెర్నెల్లో ఏ లోపం వచ్చినా ఫిర్యాదు వినే నాథుడు అరుదు. జీపీఎల్ మాడ్యూళ్ళకు మాత్రమే కేటాయించిన ఫంక్షన్లను ఇది వాడుకోవచ్చా అని 2006లోనూ 2008లోనూ గట్టి వాదాలు జరిగాయి. చివరికి మినహాయింపు దొరికింది గానీ మైల పోలేదు.

ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. దుబాసీ ఉన్నంతకాలం “మీ పని జరుగుతోందిగా” అని కంపెనీలు తప్పించుకోవచ్చు. రెండో దారి కష్టమైనది. బ్రాడ్‌కామ్ చిప్‌ల విషయంలో కొందరు మూసిన డ్రైవర్ని విప్పి చదివి, చిప్ ఎలా నడుస్తుందో వివరణ రాశారు. వేరేవాళ్ళు ఆ వివరణను మాత్రమే చూసి కొత్త డ్రైవర్ రాశారు. 2006 జూన్‌లో వచ్చిన 2.6.17 కెర్నెల్లో అది చేరింది. అప్పటికీ చిప్ లోపల నడిచే ఫర్మ్‌వేర్‌ని కంపెనీ డ్రైవర్లోంచే కోసి తీసుకోవాల్సి వచ్చేది. 2010 సెప్టెంబరులో బ్రాడ్‌కామ్ తానే తన కొత్త చిప్‌లకు సోర్స్‌తో సహా డ్రైవర్ ఇచ్చింది.

సరిగ్గా చూస్తే ఈ రెండు దారులూ ఒకదానికొకటి శత్రువులు కావు. దుబాసీ మాటను చేరవేస్తాడు, ఎవరికీ భాష నేర్పడు. అందుకే ఎన్‌డిస్‌రాపర్ ఎన్నేళ్ళు పనిచేసినా ఆ చిప్‌ల గుట్టు మనకు తెలియలేదు. అది తెలిపినది వివరణ రాసినవాళ్ళు. కాకపోతే వాళ్ళ పని పండేదాకా లినక్స్‌ని వదిలిపోకుండా మనుషులుండాలి. సిద్ధాంతం కోసం వైఫై లేకుండా మూడేళ్ళు ఆగగలిగినవాళ్ళు ఏ కాలంలోనైనా కొద్దిమందే, వాళ్ళలో పామూరు వాళ్ళు ఇంకా తక్కువ.

ఇప్పుడు పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేస్తే చాలాసార్లు వైఫై దానంతటదే పట్టుకుంటుంది. ఎన్‌డిస్‌రాపర్ పేరు విన్న కుర్రాళ్ళు లేరు. సాక్షికీ జడ్జీకీ ఒకే భాష వచ్చాక దుబాసీని ఎవరు తలుచుకుంటారు? ఆ రోజు వచ్చేదాకా కోర్టు మూతపడకుండా చూసినవాడు మాత్రం అతనే.