మోకాలి సూది వెనక కత

మేము అరవంలో చదివినోళ్లం. తెలుగు రాత ఇంట్లో నేర్చుకొన్నది. తప్పులుంటే మన్నించండి.

మన సూళగిరి పక్క ఎముక విరిగితే పెద్దోళ్లు పుత్తూరు కట్టుకు పోతా ఉండ్రి. మోకాలు నొస్తే ఆముదం రుద్ది కాపడం పెడతా ఉండ్రి. ఇప్పుడు ఊరంతా సూది మాటే, ఆపరేషను మాటే.

పోయిన ఏడు మా ఇంటామెకు మోకాలికి సూది వేసిరి. వారంలో నొప్పి తగ్గె. అయితే సక్కెర మున్నూరు దాటె. అట్లవుతుందని ముందుగా ఎవరూ చెప్పలేదు. ఆ భయంతోనే మేము ఈ మందు చరిత్ర చదివితిమి.

1948లో అమెరికాలోని మాయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు, కీళ్లవాతంతో మంచం పట్టిన ఒక ఆడమనిషికి కార్టిసోన్ ఇచ్చె. కొన్ని దినాల్లోనే ఆమె లేచి నడిచె. 1950లో హెంచ్‌కు, ఇంకా ఇద్దరికి నోబెల్ బహుమతి వచ్చె. ఆ మందు చెడు నిదానంగా బయటపడె: మొగం ఉబ్బడం, ఎముకలు గుల్ల కావడం, సక్కెర ఏరడం. 1951 నుంచి ఆ జాతి మందునే నేరుగా కీలులోకి ఎక్కించడం మొదలాయె.

2017లో అమెరికాలో 140 మందితో చేసిన పరిశోధన బయటికొచ్చె. సగం మందికి మూడు నెలలకొకసారి, రెండేండ్లు ఈ సూది; మిగిలినోళ్లకు ఉప్పునీళ్ల సూది. మందు సూది పడినోళ్లకు మోకాలి గుజ్జు ఎక్కువ అరిగె. నొప్పిలో మాత్రం రెండు గుంపులకూ తేడా కనబడలేదు.

కీలు మార్పిడి కతా ఇట్లాంటిదే. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ మొదట తుంటికి టెఫ్లాన్ గిన్నె పెట్టె. కొన్నేండ్లకే అది అరిగిపోయె. ఆయనే మళ్లీ కోసి సరిచేసె. 1962లో వేరే ప్లాస్టిక్ పెట్టినాకే అది నిలిచె. ఇప్పటి కీళ్లు చానా ఏండ్లు వస్తాయి. గుజ్జు పూరా అరిగినోళ్లకు మేలే. అయినా చీము పట్టొచ్చు, రక్తం గడ్డకట్టొచ్చు, కొందరికి నొప్పి పూరా పోదు. నేలమీద గొంతుకూర్చోవడమూ కష్టమే.

అందుకే అడిగి తెలుసుకోండి. సక్కెర ఉంటే సూదికి ముందే చెప్పండి. ఏడాదికి ఎన్ని సూదులని అడగండి. సూది వేసుకొని మూడు నెలలు కాకముందే మార్పిడి చేస్తే చీము పట్టే భయం ఎక్కువ. కాబట్టి ఏ తేదీన వేసుకొన్నారో రాసిపెట్టుకోండి.

మా ఇంటామె ఆపరేషను సంగతి ఇంకా తేలలేదు. ఈతూరి అన్నీ అడిగినాకే సంతకం పెడతాము.