పొగ తాగే పెట్టెలు

ద్రాక్షకు పట్టే బూడిదరంగు బూజు, బొట్రైటిస్, చలికి లొంగదు. సున్నా డిగ్రీల శీతల గిడ్డంగిలోనూ పెరుగుతుంది. ఒక పండుకు పడితే పక్క పండుకు పాకి గుత్తంతా పాడుచేస్తుంది. దీన్ని ఆపడానికి కాలిఫోర్నియాలో వింక్లర్, జాకబ్ అనే పరిశోధకులు గంధకం పొగను, అంటే సల్ఫర్ డయాక్సైడ్‌ను పరీక్షించి 1925లో ఫలితాలు ప్రచురించారు. కోసిన వెంటనే ఒకసారి, తర్వాత వారం పదిరోజులకోసారి పొగ పట్టించడం అక్కడి గిడ్డంగుల్లో రివాజైంది.

చిక్కంతా మోతాదు దగ్గరే. తక్కువైతే బూజు చావదు. ఎక్కువైతే తొడిమ చుట్టూ పండు తెల్లగా పాలిపోతుంది, కొరికితే గంధకం వాసన కొడుతుంది. పైగా పండ్లతోపాటు పెట్టెలూ ఆ వాయువును పీల్చుకుంటాయి. చెక్క, అట్ట బాగా తాగుతాయి, తడిసి ఉంటే ఇంకా ఎక్కువ. థర్మకోల్ చాలా తక్కువ పీలుస్తుంది. అంటే, అదే గదిలో అదే మోతాదు వదిలినా అట్టపెట్టెల్లోని పండ్లకు చాలదు, థర్మకోల్ పెట్టెల్లోని వాటికి ఎక్కువైపోతుంది.

ఈ వాయువు పండులో మిగిల్చే సల్ఫైట్లు ఉబ్బసం రోగులకు ప్రమాదమని తేలి, 1986లో అమెరికా పచ్చి కూరగాయల మీద, పండ్ల మీద వాటిని నిషేధించింది. ద్రాక్షకు మినహాయింపు దక్కింది గానీ, పండులో మిగిలే సల్ఫైటు 10 పీపీఎం (పది లక్షల్లో పది భాగాలు) దాటకూడదన్నారు. ఇక అందాజుగా పొగ వదిలితే కుదరదు. సున్నా డిగ్రీల దగ్గర 100 పీపీఎం వాయువు ఒక గంటసేపు తగిలితే బూజు చస్తుందని పరిశోధకులు తేల్చారు. అంత అందిందో లేదో చూడటానికి పెట్టెల్లో, పండ్ల మధ్యే చిన్న కొలత గొట్టాలు పెట్టారు. పెట్టె తాగేదాన్ని కూడా లెక్కలో కలిపి, పండ్లూ పెట్టెలూ కలిసి దాదాపు మొత్తం పీల్చేసుకునేంతే వాయువును వదిలే పద్ధతిని 1992లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పుస్తకంగా వెలువరించింది. నాకు ఇందులో బాగా నచ్చేది ఇదే: అడ్డంకి అనుకున్న పెట్టెనే కొలమానంలో భాగం చేశారు. బయటికి వదలాల్సిన విషవాయువూ దాదాపు మిగల్లేదు.

ఓడలో వారాలపాటు వెళ్లే సరుకుకు మాత్రం మధ్యలో పొగ పట్టించే వీలుండదు. అందుకే సోడియం మెటాబైసల్ఫైట్ నింపిన కాగితపు షీట్లు వచ్చాయి. నాసిక్ నుంచి యూరప్ వెళ్లే ద్రాక్ష పెట్టె విప్పితే గుత్తుల మీద పరిచి కనిపించేది అదే. పండ్ల తేమ తగిలి అది కొద్దికొద్దిగా వాయువు వదులుతుంది. ఇక్కడ ప్యాకింగ్ పని తిరగబడింది: లోపలి పాలిథిన్ కవరు వాయువును పట్టి ఉంచాలి. కవరుకు చిల్లులు ఎక్కువైతే వాయువు జారిపోతుంది. తక్కువైతే లోపల నీరు పట్టి, షీటు తడిసి, వాయువంతా ఒక్కసారిగా విడుదలై పండ్లు పాలిపోతాయి. అందుకే ఎగుమతిదారులు ద్రాక్ష రకాన్ని బట్టి, ప్రయాణకాలాన్ని బట్టి చిల్లుల సంఖ్యను ఎంచుకుంటారు.