పావుకీ ముప్పావుకీ మధ్య

బుల్లెట్ స్లోలో నిలవడం లేదు. ఒకసారి సిగ్నల్ దగ్గర టపీమని ఆగిపోతుంది. ఇంకోసారి యాక్సిలరేటర్ వదిలేసినా రేసు దిగదు. సగం రేసులో నల్లపొగ, తడబాటు. పూర్తిగా తిప్పితే మాత్రం ఏ జబ్బూ లేనట్టు లాగుతుంది. ప్లగ్ మార్చారు, పాయింట్లు మార్చారు, ఒకచోట మెయిన్ జెట్ కూడా మార్చారు. చివరికి కార్బురేటరే మార్చేయమన్నారు. భిలాయి ఉక్కు కర్మాగారంలో రైలు పట్టాల రోళ్లను లేత్ మీద చెక్కి రిటైరైన శ్రీకాకుళం పెద్దాయనకు ఆ మాట మింగుడుపడలేదు. పవర్ హౌస్ వైపు ఉన్న తెలుగు మెకానిక్ దగ్గరికి బండి తీసుకెళ్లాడు.

పేర్లు అక్కర్లేదు. భిలాయిలో పాత బళ్లకు జరిగే ఇలాంటి మరమ్మతులను ఒక్క ఉదయంగా కూర్చి చెబుతున్న గాథ ఇది. సోవియట్ సాయంతో ఇక్కడి కర్మాగారానికి ఒప్పందం కుదిరిన 1955లోనే మద్రాసులో బుల్లెట్ కంపెనీ ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించారు. ఉత్తరాంధ్ర నుంచి ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన వాళ్ల ఇళ్లలో బుల్లెట్ అంటే ఇంటి మనిషే.

"ఏటైంది బాబాయ్?"

"కార్బురేటర్ పోయిందంటన్నారు. పోతే ఎక్కడ పోయిందో సెప్పాల కదరా!"

మెకానిక్ స్పానర్ ముట్టుకోలేదు. యాక్సిలరేటర్ పిడికి తెల్ల టేపు చుట్టి పావు, సగం, ముప్పావు గీతలు పెట్టాడు. రోగం ఏ గీత దగ్గర బయటపడుతుందో చూడాలి. స్లోలో పెట్రోలు ఇచ్చేది పైలట్ జెట్. కాస్త తెరిచాక స్లైడ్ అంచు కోత పనిచేస్తుంది. పావు నుంచి ముప్పావు దాకా పెత్తనం నీడిల్‌ది, అది దిగే నీడిల్ జెట్‌ది. ఆపైన మెయిన్ జెట్. నిండుగా తెరిస్తే బండి బాగా లాగుతోందంటే మెయిన్ జెట్ నిర్దోషి. దాన్ని మార్చినవాళ్లు ఈ ఒక్క సంగతీ ఆలోచించలేదు.

సగం గీత దగ్గర కాసేపు నడిపి, అక్కడే ఇంజన్ ఆపి ప్లగ్ ఊడదీశాడు. మసి. పెట్రోలు ఎక్కువ తాగుతోంది. ఇంజన్ మళ్లీ స్లోలో పెట్టి, కార్బురేటర్ ఇంజన్‌ను కలిసేచోట నీళ్లు చిలకరించాడు. చప్పుడు మారలేదు, కాబట్టి అతుకులో గాలి లీకు లేదు. ఎయిర్ స్క్రూ తిప్పాడు. లోపలికి తిప్పినా బయటికి తిప్పినా ఇంజన్ పట్టించుకోలేదు.

అప్పుడు కార్బురేటర్ విప్పాడు. మిక్‌కార్బ్ వీఎం24, గొట్టం 24 మిల్లీమీటర్లు. స్లైడ్‌ను దాని గాడిలో పెట్టి వేలితో ఆడిస్తే టిక్, టిక్ మంది. ఇంజన్ పీల్పుకి స్లైడ్ ఎప్పుడూ ఇంజన్ వైపే ఒరిగి ఉంటుంది, ఆ వైపు గోడే ఎక్కువ అరుగుతుంది. సందుల్లోంచి దొంగగాలి పోతుంటే స్క్రూ మాట ఎవరు వింటారు? ఒక్కోసారి స్లైడ్ అడ్డంగా చిక్కుకుంటుంది, రేసు దిగకపోవడానికి కారణం అదే.

నీడిల్ జెట్‌ను వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. గుండ్రని రంధ్రం ఒకవైపు సాగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"రోలు గాడి అరిగితే పట్టా లావెక్కినట్టే కదా ఇది. రంధ్రం పెరిగింది, పెట్రోలు పెరిగింది."

ఉద్యోగం చేసినన్నాళ్లూ క్వార్టర్ నుంచి కర్మాగారం గేటు దాకా, గేటు నుంచి క్వార్టర్ దాకా, షిఫ్టు మారినా రేసు మారలేదు. ఎప్పుడూ పావుకీ సగానికీ మధ్యే. ఏళ్ల తరబడి నీడిల్ ఊగింది అక్కడే, అరిగిందీ అక్కడే.

నీడిల్ క్లిప్ పై గాడిలో ఉంది. ఎవరో నీడిల్‌ను కిందికి దించి పెట్రోలు తగ్గించాలని చూశారు. అది రోగాన్ని దాచడమే. జెట్లలోకి తీగ దూర్చి గెలకడం అంతకన్నా పెద్ద పాపం, ఇత్తడి మెత్తనిది, కొలత పోతే మళ్లీ రాదు.

కొత్త నీడిల్, కొత్త జెట్ జతగా వేసి క్లిప్‌ను నడి గాడికి తెచ్చాడు. సగం గీత దగ్గర మళ్లీ ప్లగ్ తీస్తే కాఫీ రంగు. స్లో మాత్రం ఇంకా కుదరలేదు.

"గోడను గుండ్రంగా బోర్ చేసి లావు స్లైడ్ వేయాలి బాబాయ్. ఆ సైజు కొట్లో దొరకదు."

"కొట్టెందుకురా? కొలతలు ఇయ్యి. లేత్ మీద నాను నిలబడతాను."

మెకానిక్ మైక్రోమీటర్ అందుకున్నాడు.