కాశీ త్రోవలో తొలి కొండ

చెన్నపట్టణమునుండి ఉత్తరదేశమునకు నేలదారిని బయలుదేరువారికి పూర్వకాలమున ముఖ్యముగా రెండు త్రోవలుండెను. నెల్లూరు, ఒంగోలు, రాజమహేంద్రవరముల మీదుగా సముద్రతీరము ననుసరించి కళింగమునకును, అచ్చటినుండి వంగదేశమునకును సాగునది యొకటి; తిరుపతి కొండల పాదమును తాకి, శేషాచలమును ఎడమప్రక్కను వెలికొండలను కుడిప్రక్కను ఉంచుకొని కడపసీమను దాటి, నల్లమలలను గడచి, కృష్ణ నుత్తరించి, హైదరాబాదు, నాగపురము, జబ్బలుపురముల మీదుగా గంగాతీరమును చేరునది రెండవది. వికృతినామ సంవత్సరమున, అనగా 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీ రాత్రి, చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్రకు పయనమైనప్పుడు, పోవుటకు కొండలదారిని, మరలుటకు తీరపుదారిని ఎన్నుకొనెను. గయ, జగన్నాథములను సేవింపవలసినవానికి ఆ మార్గము సహజమే యైనను, పోయిన త్రోవను మరల తొక్కక, దేశమును చుట్టి చూచి రావలయునన్న కాంక్ష ఆ యెన్నికలో తప్పక యున్నదని నాకు తోచుచున్నది. 1831 సెప్టెంబరు 3వ తేదీని ఆయన ఇల్లు చేరునప్పటికి పదునైదు మాసములు గడచినవి.

ప్రకృతిదృశ్యములను ఛాయాచిత్రములుగా గ్రహించుటకై నెలలతరబడి కారులలో దేశము దాటి పోవలయునని సంకల్పించు యువజనులు నేడు మనలో పెక్కురు గలరు. వారు దారిపటములను ముందిడుకొని, ఏ యూర రాత్రి నిలువవలయును, ఏ కొండను ఉదయమున చూడవలయును, ఏ జలపాతమునకు ఏ మాసము తగినదని లెక్కలు కట్టుచుందురు. ఈ విద్యకు తెలుగువారిలో ఆద్యుడెవ్వడని అడిగినచో, కెమెరా నెన్నడును కన్నుల జూడని ఆ దుబాసీపేరే నేను చెప్పుదును. ఆయన 1836లో పరమపదించెను. ఆయన మార్గమధ్యమునుండి వ్రాసి పంపుచు వచ్చిన వృత్తాంతమును మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ యను పేర అచ్చువేయించెను. ఆ మరుసటి యేట, 1839లో, ఫ్రాన్సుదేశపు డాగేరు ఛాయాచిత్రవిధానము లోకమునకు ప్రకటింపబడెను. అనగా, కెమెరా పుట్టుటకు ముందే, దానితో చేయదగిన పనిలో సగము మన భాషలో ఒకడు చేసి యుంచినాడు.

ఆయన వృత్తి ఈ పనికి చక్కని సాధనగా ఉపకరించినదని చెప్పక తప్పదు. బాల్యముననే తండ్రిని పోగొట్టుకొని, చిన్న వయసుననే కుంఫిణీ కచ్చేరీలలో పనికి కుదిరి, స్వయంకృషిచేత ఇంగ్లీషును అభ్యసించి, న్యాయస్థానమున సాక్షుల మాటలను న్యాయాధిపతులకు వినిపించు పదవి కెక్కినవాడాయన. సాక్షి పలికినదానికి ఒక మాట చేర్చరాదు, ఒక మాట విడువరాదు. మెచ్చుకోలును ఏవగింపును అచ్చట చెల్లవు. అట్టి నియమమునకు ఏండ్లతరబడి అలవడిన మనస్సు దారిని పడినప్పుడు, కనబడిన యూరి నెట్లు చూచునో ఊహింపుడు. ఊరు పెద్దదియా చిన్నదియా, నీళ్లు తియ్యనివా ఉప్పనివా, దిగుటకు చెట్లనీడ గలదా, బస్తీలో ఏ దినుసులు దొరకును, ముందరి బాట రాతినేలయా యిసుకనేలయా, మజిలీకి మజిలీకి ఎన్ని ఆమడలు — ఇట్టి విషయములను ఆయన విసుగులేక ప్రతి మొకామునకును వ్రాసెను. క్షేత్రమాహాత్మ్యము చెప్పినచోటనే వంటచెరకు సంగతియు చెప్పెను. పురాణశ్రవణమునకు అలవాటుపడిన పాఠకునికి ఇది మొదట రుచింపకపోవచ్చును. కాని, ఆ గ్రంథమును చేతబట్టి అదే త్రోవను పోవువానికి అందులో వ్యర్థమైన పంక్తి యొక్కటియు కానరాదు.

పయనపు సన్నాహమా, సామాన్యమైనది గాదు. పరివారము, బోయీలు, వంటవారు, బంట్రోతులు కలిసి సుమారు నూరుగురు. మేనాలు మోయువారికి విశ్రాంతి కావలయును. అందుచేత మజిలీదూరము పయనించువాని యిష్టముపై గాక బోయీల భుజబలముపై ఆధారపడి యుండెను. వేసవి గనుక చల్లని వేళలయందే నడువవలయును. సత్రము లేని యూళ్లలో దిగుటకు డేరాలు వెంట నుండవలయును. దేశమంతటను చెల్లు ఏకనాణెము కుంఫిణీవారు 1835లోగాని ముద్రింపలేదు. కావున ఆయన కాలమున ఒక యేలుబడినుండి వేరొక యేలుబడికి దాటినప్పుడెల్ల చేతిలోని రూపాయి విలువ మారిపోవుచుండెను. పిండారీల యుపద్రవము అణగి పండ్రెండేండ్లే యైనది. నర్మదాప్రాంతమున థగ్గులు ఇంకను తిరుగుచుండిరి, వారిని పట్టుటకు స్లీమను దొర పూనుకొనినది ఆ సంవత్సరముల యందే. ఇన్ని చిక్కులను ముందుగా తలపోసి, తనవెంట నడచు నూరుగురి అన్నపానములకు పూచీపడి, ఆపైన కన్నులు విప్పి దేశమును చూచినవానిని నేను మనసార గౌరవింతును.

ఆ త్రోవలో తొలి మహాక్షేత్రము తిరుపతి. ఉత్తర ఆర్కాటుసీమ 1801లో కుంఫిణీవారి వశమైనప్పటినుండి కొండమీది కోవెల వ్యవహారమును వారే నడుపుచుండిరి. 1821లో బ్రూసు దొర కట్టడి యను నిబంధనలు అందుకై యేర్పడినవి. 1843లో ఆ పెత్తనము హాథీరాంజీ మఠపు మహంతుల చేతికి వచ్చి, 1933లో దేవస్థానపు కమిటీ యేర్పడువరకు వారియందే నిలిచెను. కావున వీరాస్వామయ్య చూచిన తిరుపతి కుంఫిణీ పెత్తనపు తిరుపతి. భక్తుల కానుకలలో కుంఫిణీ బొక్కసమునకు చేరు భాగమును గూర్చి సయితము ఆ లెక్కలు తెలిసిన కోర్టుద్యోగి వ్రాయకుండునా!

అప్పటికి కొండ కెక్కుటకు కాలినడక, డోలీ — ఈ రెండే గతులు. అలిపిరి పాదాలమండపమునుండి మెట్లదారి మొదలగును. ఆ సోపానములను, గాలిగోపురమును కట్టించిన కీర్తి పదునేడవ శతాబ్దమునందలి మట్లి రాజులది. చంద్రగిరి వైపునుండి ఎక్కు శ్రీవారిమెట్టుదారి నిడివిలో కురుచ. రాయలవారు నడచిన త్రోవ యదియేనని సీమలో ప్రసిద్ధి. శాసనములనుబట్టి చూడగా కృష్ణదేవరాయలు 1513కును 1521కిని నడుమ ఏడుమారులు స్వామిని దర్శించెను. అలిపిరి మెట్లదారికి ఒక విశేషము గలదు. గాలిగోపురము మైదానమున చాల దూరమునుండి కానవచ్చును, కాని మెట్లమీద నున్నవానికి అది మలుపు మలుపునకు మరుగగుచుండును. దానిని చేరిన పిమ్మట వెనుదిరిగి చూచినప్పుడుగాని తానెంత యెత్తున కెక్కెనో యాత్రికునికి తెలియదు. తరువాత నేల కొంత చదునై, అడవినీడ వచ్చి, ఒకచోట అవ్వాచారికోన లోతు దిగ్గున కన్నుల యెదుట తెరచుకొనును. చివర మోకాళ్లమెట్టు. ఊపిరి యాడక నిలిచినచోటనే మనుష్యుడు చుట్టును చూచును గనుక, ఈ దారి ఏయే దృశ్యములను చూపదలచినదో అచ్చటనే వానిని నిలుపుచున్నది. మండపములు కట్టిన పూర్వులకు ఈ మర్మము బాగుగ తెలియును.

ఇచ్చట ఇంకొక యాత్రికుని స్మరింపవలసియున్నది. లినేయస్ ట్రైపు అను సైనికోద్యోగిని మద్రాసు ప్రభుత్వమువారు 1856లో తమ ఛాయాచిత్రకారునిగా నియమించిరి. ఆయన 1857 చివరనుండి 1858 వరకు శ్రీరంగము, తిరుచిరాపల్లి, పుదుక్కోట, మధుర, తంజావూరులలో సంచరించి, మైనము పట్టించిన కాగితపు నెగటివులమీద ఆలయములను, శిలలను, చెరువులను చిత్రించెను. పెద్ద కెమెరా, రసాయనములు, కాగితపు కట్టలు, చీకటిగుడారము — సరంజామా అంతయు ఎడ్లబండ్లమీదనే. ఉష్ణదేశపు వేడిమిలో కాగితము చెడిపోవుచుండెను. నిమిషములకొలది వెలుగు పట్టవలసివచ్చుటచేత కదలు మనుష్యులు ఆ చిత్రములలో నిలువలేదు, ఆకాశము వెలవెలబోవగా నెగటివుపై మేఘములను చేతితో దిద్దవలసివచ్చెను. కొలది యేండ్లలోనే ఖర్చు అధికమని ప్రభుత్వము ఆ పదవిని తీసివేసెను. ట్రైపుగారి చిత్రములు అద్భుతములు; వానిలో రాతిపొడి సయితము లెక్కింపవచ్చునా యనిపించును. కాని, ఆ చెరువునీళ్లు త్రాగదగినవో కావో ఆ చిత్రము చెప్పలేదు. ఆ గోపురము ఎదుట సాయంకాలము ఏయే దినుసులు అమ్ముదురో చెప్పలేదు. ఒకరి పని మరియొకరి పనిచేత పూరింపబడవలసినదే.

తిరుమలదారి స్వరూపము పూర్తిగా మారినది 1944లో. ఆ సంవత్సరము ఏప్రిలులో మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోపు తొలి ఘాటురోడ్డును ప్రారంభించెను. మోటారు కొండ యెక్కసాగినది. 1974లో రెండవ ఘాటురోడ్డు వచ్చిన పిమ్మట మొదటిది దిగుదారి యైనది. మెట్లదారి మరుగుపరచిన దానిని ఈ రోడ్డు బయలుపెట్టినది: కొండగర్భము. రోడ్డుకై తొలచిన చరియలలోను, వాగుల కోతలలోను, క్రింద ప్రాచీన గ్రానైటుశిల, దానిమీద పొరలుపొరలుగా పేర్చినట్లు ఎఱ్ఱని క్వార్టుజైటుశిల, రెండింటి నడుమ స్పష్టమైన రేఖ కానవచ్చును. ఈ రేఖకు క్రింది శిలకును మీది శిలకును వయోభేదము సుమారు 80 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞుల లెక్క. దీనిని జాతీయ భూగర్భస్మారకముగా ప్రకటించియున్నారు. కడప, కర్నూలు శిలాశ్రేణులను గూర్చి విలియము కింగు దొర తన బృహద్గ్రంథమును 1872లోనే ప్రకటించెను గాని, యాత్రికుని కంటికి ఆ రేఖ సులభసాధ్యమైనది రోడ్డు పడిన తరువాతనే. కొండపైన స్వామి కోవెలకు అనతిదూరమున గల శిలాతోరణము ఆ క్వార్టుజైటుననే గాలియు నీరును తొలచినది. వెడల్పు సుమారు 8 మీటరులు, ఎత్తు 3 మీటరులు. వేల మెట్లెక్కి వచ్చినవాడు స్వామిని చూచును. ఘాటురోడ్డున దిగువాడు, కన్నులు తెరచియుండినచో, స్వామికి పీఠమైన కొండయొక్క వయస్సును చూచును. నా మట్టుకు, ఎక్కుటకు మెట్లును దిగుటకు రోడ్డును ఎన్నుకొనుట మేలని తలతును. కోవెలలో కెమెరాకు ప్రవేశము లేదు; ఆ నియమము మంచిదే, అచ్చట చూపునకు వేరు పని యున్నది.

ఇక, ఆ దుబాసీ నడచిన త్రోవనే కెమెరాతో పోదలచినవారికి కొన్ని సంగతులు చెప్పవచ్చును. ఆయన వేసవి నడుమ బయలుదేరెను. అది కోర్టుసెలవులకో మరి దేనికో అనుకూలమై యుండవచ్చును గాని వెలుగునకు అనుకూలము కాదు. తిరుపతి యున్న అక్షాంశమున ఏప్రిలు చివరను, ఆగష్టు నడుమను సూర్యుడు మధ్యాహ్నము సరిగా నడినెత్తిన నుండును. అప్పుడు శిలల ముడుతలు నీడలేక చదునుగా కనబడును. పట్టణమునకు ఎదురుగానున్న కొండచరియ దక్షిణాభిముఖము. దక్షిణాయనపు చివర, పుష్యమాసమున, సూర్యుడు దక్షిణమునకు వాలియున్నప్పుడు దినమంతయు దానిపై ఏటవాలు వెలుగు పడును. తిరుపతి సీమకు వానలు ముఖ్యముగా ఈశాన్యపవనములవలన కార్తికప్రాంతమున కురియును గనుక, ఆ వెనుక ఆకాశము నిర్మలమై, తలకోన జలపాతము నిండుగా నుండును. తిరుపతి విడిచి బాలపల్లె, కోడూరు, రాజంపేట, ఒంటిమిట్టల మీదుగా కడపకు పోవునప్పుడు ఎడమవైపు శేషాచలమునకు ఉదయకాంతియు, కుడివైపు వెలికొండలకు సాయంకాంతియు తగినవి. కావున ఆ దారిని ఒక్క పగటిలో ముగింపక, నడుమ ఒక రాత్రి నిలువవలయును.

చిక్కు వచ్చునది కృష్ణవద్ద. ఏడు నదులు కలియుచోటని పేరుగన్న నివృత్తిసంగమము శ్రీశైలము ఆనకట్ట కట్టిన పిమ్మట సంవత్సరములో పెక్కునెలలు నీటమునిగియుండి, జలాశయము తగ్గిన వేసవిలో మాత్రము సంగమేశ్వరుని గుడి బయటపడుచున్నది. తిరుపతికి పుష్యము మేలు, సంగమమునకు చైత్రము మేలు. రెంటిని ఒక్క పయనమున సాధింపదలచినవారు ఉత్తరాయణము మొదట తిరుమలలో బయలుదేరి, అహోబిలము, మహానంది, నల్లమల అడవులలో తీరికగా దినములు గడపి, ఫాల్గునము చివర కృష్ణను చేరుట యుక్తము. ఎండలు ముదురకముందే నిర్మల కనుమలను దాటి నాగపురము పోవచ్చును. తీరపుదారిని మాత్రము ఆ యేడు విడిచిపెట్టి, మరుసటి మార్గశిరమున వేరుగా పెట్టుకొనవలయును. వీరాస్వామయ్య గ్రంథము 1941లో దిగవల్లి వేంకటశివరావుగారి పరిష్కరణముతో మరల వెలువడినది; మజిలీల వరుస, ఆమడల లెక్క అందులో యథాతథముగా దొరకును, వెంట తీసికొనిపోవలసిన సామగ్రిలో దానిని మొదట చేర్చుడు.