వెన్నుతోలు, పొట్టతోలు

పాత కారు బేరానికి తోడు వచ్చే మెకానిక్కుల్లో చెయ్యి తిరిగినవాడు మీటరు జోలికి వెంటనే పోడు. తలుపు తెరిచి, డ్రైవరు సీటు కుడి అంచు మీద బొటనవేలితో రాసి చూస్తాడు. మన దగ్గర స్టీరింగు కుడివైపు. ఎక్కినా దిగినా ఒంటి బరువంతా ఆ అంచు మీదుగానే జారుతుంది. మీటరు ముప్పై వేలు చూపిస్తుంటే అక్కడి తోలు మాత్రం నెర్రెలు విచ్చి కనిపించిందంటే, వచ్చినదారినే వెనక్కి. మీటరును వెనక్కి తిప్పే పనిమంతులు ఊరికొకరున్నారు. తోలును తిప్పేవాడు ఇంకా పుట్టలేదు.

ఇవాళ తోలు సీటంటే హోదా. కార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో అది జీతగాడి సీటు. గుర్రబ్బండి పోయి మోటారు వచ్చినా బండి తీరు మారలేదు. దొరలు వెనక అద్దాల గదిలో, తోలేవాడు ముందు ఎండకూ వానకూ. తడిసినా తుడిస్తే పోయేది తోలు కాబట్టి అతనికి తోలు. లోపల కూర్చునేవాళ్లకు మెత్తటి ఉన్నిబట్ట, లేకపోతే పట్టు. 1950లో అప్పటి యువరాణి ఎలిజబెత్‌కు చేరిన రోల్స్‌రాయిస్ ఫాంటమ్ 4లోనూ ఇదే మర్యాద పాటించారు: ముందు తోలు, వెనక బట్ట. జపాను వాళ్ల టయోటా సెంచరీలో ఇప్పటికీ ఉన్నిబట్టకే పెద్దపీట. ఒళ్లు కదిలిస్తే తోలు కిర్రుమంటుంది, బట్ట నోరెత్తదు.

మరి తోలు వెనక సీట్లోకి ఎలా ఎక్కింది? యజమాని ముందుకొచ్చి తానే స్టీరింగు పట్టడం వల్ల. సరదాకి తనే నడుపుకునే టాపు లేని కార్లలో కూర్చున్నవాడికీ వాన తప్పలేదు. డ్రైవరు తోలు అలా దొరగారి తోలైంది. ఆ గిరాకీని అందిపుచ్చుకున్న పేరు కానలీ. 1878లో శామ్యూల్, జాన్ అనే అన్నదమ్ములు లండన్‌లో చెప్పులు బాగుచేసే కొట్టుతో మొదలుపెట్టి, జీనుల మీదుగా బండి సీట్లకూ, అక్కణ్నుంచి రోల్స్‌రాయిస్, జాగ్వార్ కార్లకూ చేరారు. కానలీ తోలంటే ఒకప్పుడు మన ఇళ్లలో బెనారస్ పట్టు అన్నట్టు. 2002లో ఆ తోళ్ల కర్మాగారం మూతపడింది.

తోలు సాగడం గురించి కారు యజమానులు గోల పెట్టడం ఇవాళ కొత్తేం కాదు. దాని మూలం కారులో లేదు, పశువులో ఉంది. తోలు బట్టలా నేసిన సరుకు కాదు. కొలాజెన్ అనే మాంసకృత్తు నారలు కట్టలు కట్టలుగా అన్ని దిక్కులకూ పెనవేసుకుని ఉంటాయి. వెన్ను పొడవునా, తుంటి దగ్గరా ఆ అల్లిక బిగువు. పొట్ట దగ్గరికొచ్చేసరికి వదులు. మేత మేసినప్పుడల్లా ఉబ్బి తగ్గాల్సిన చోటు, అక్కడ బిగువుగా ఉంటే పశువు బతకలేదు. ఆవుకైతే ఈత ఈతకూ పొట్ట చర్మం సాగి చారలు పడతాయి. రోల్స్‌రాయిస్ వాళ్లు మగపశువుల తోళ్లే ఏరుకుంటారంటే కారణం అదే. ముళ్లకంచె గీతలు, ఈగల పోట్లు తక్కువగా ఉండే చలిదేశాల మందలకు గిరాకీ ఉండటానికి కారణమూ అలాంటిదే.

ఒక్క తోలులో ఇన్ని రకాలున్నప్పుడు, కత్తెర పట్టినవాడి చేతిలో ఉంటుంది సీటు ఆయుష్షు. మనిషి కూర్చునే నడిభాగానికి వెన్నుతోలు వేసి, పొట్టముక్కల్ని ఎవరూ ఆనుకోని చోట వాడినవాడు నిజాయితీపరుడు. పొదుపు కోసం పొట్టముక్కను నడిమికి తెచ్చారా, నాలుగేళ్లలో సీటు మీద నీళ్లు నిలిచిన మడుగులా తోలు మడతలు పడుతుంది. పాత కార్ల సీట్లలో కనిపించే గుండీల గుంతలూ, నిలువు చారల కుట్లూ అందానికేనని అనుకుంటాం. లోపలి గుర్రపువెంట్రుకలు ఒకచోటికి చేరిపోకుండా పట్టి ఉంచడం వాటి అసలు పని. సాగిన తోలు ఆ చారల మధ్య దాక్కుంటుంది కూడా. వెడల్పాటి చదును సీటులో దాక్కోవడానికి చోటుండదు.

మనిషి కూర్చుంటే నారలు ఒకదానిపై ఒకటి జారి బరువు వైపు తిరుగుతాయి. లేస్తే వెనక్కి వస్తాయి, కానీ వెళ్లినంతా రావు. రోజుకు వెంట్రుకవాసి మిగిలిపోతుంది. వేడీ చెమటా తోడైతే ఆ మిగులు ఇంకొంచెం పెరుగుతుంది. దీనికి లోపలి ఫోము కూడా ఒక చెయ్యి వేస్తుంది. ఫోము కుంగితే పైన తోలు సాగకపోయినా వదులుగా కనిపిస్తుంది. కుషన్ పని తెలిసినవాళ్లు అందుకే ముందు సీటు విప్పి లోపల చూస్తారు. సగం కేసుల్లో నింద తోలుది, తప్పు ఫోముది. అదే కారులో తోలు తొడిగిన డాష్‌బోర్డు ఉంటే దాని కథ తలకిందులు. ఎక్కువ చదరపు అడుగులు రావాలని తయారీలోనే తోలును చట్రానికి లాగి ఆరబెడతారు. ఏళ్ల తరబడి అద్దం కింద ఎండకు మాడాక అది తన పాత కొలతను గుర్తు తెచ్చుకుని కుంచించుకుపోతుంది, అంచులు లేస్తాయి. సీటు సాగుతుంది, డాష్‌బోర్డు ముడుచుకుంటుంది.

నెర్రెల కథ వేరు. అందులో మన తంగేడుకూ వాటా ఉంది. బతుకమ్మలో పేర్చే ఆ పూల చెట్టు చెక్కే దక్షిణాదిలో లందల్లో తోలు పదును పెట్టిన ప్రధాన సరుకు. తంగేడు చెక్క నీళ్లలో నానబెట్టి, కరక్కాయ పట్టించి, నూనె పూసిన తోళ్లు మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి ఇంగ్లండు వెళ్లేవి. 1900 ప్రాంతంలో లండన్ గ్రంథాలయాల్లో తోలు అట్టలు ఎర్రబారి పొడిపొడిగా రాలిపోతుంటే కారణం తేల్చమని ఒక సంఘం వేశారు. గాలిలోని గంధకపు పొగ, దీపాల గ్యాసు ఆమ్లమై తోలును తినేస్తున్నాయని తేలింది. ఏ చెట్టు చెక్కతో పదును పెట్టారన్నదాన్ని బట్టి తట్టుకునే శక్తి మారుతుందనీ తేలింది. తంగేడు జాతి తోళ్లకు తక్కువ మార్కులే పడ్డాయి, వెలుతురు తగిలితే ఎర్రబారడం వాటి గుణం. ఆఖరున కరక్కాయ పట్టించే అలవాటు ఆ ఎరుపును అదుపులో పెట్టడానికే. మన లందల్లో పనిచేసినవాళ్లకు సంఘం వేయకుండానే ఆ సంగతి తెలుసన్నమాట.

కారు సీటును కాపాడింది చెట్టు కాదు, క్రోమియం. న్యూయార్క్‌లో రంగుల వ్యాపారంలో ఉన్న అగస్టస్ షుల్జ్ 1884లో క్రోమియంతో తోలు పదును పెట్టే పద్ధతికి పేటెంటు పొందాడు. ఆడవాళ్ల నడుముపట్టీల్లోని ఉక్కుబద్దలకు తొడిగే తోలు వాటిని తుప్పు పట్టిస్తోంది, అలా పట్టించని తోలు కావాలని ఎవరో అడగడం ఆయన్ని ఈ దారి పట్టించిందట. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అదే పద్ధతిని తెచ్చి మోట బావుల తోలు బొక్కెనల మీద ప్రయోగించాడు. రోజంతా నీళ్లలో మునిగి తేలే తోలు కంటే కఠినమైన పరీక్ష ఏ కారు సీటుకూ రాదు. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఏర్పడింది. తెనాలి దగ్గరి యలవర్రు నుంచి వచ్చిన యలవర్తి నాయుడమ్మ 1958లో దాని సారథ్యం చేపట్టారు. తోలు పనిని చిన్నచూపు చూసే సమాజంలో దాన్ని ప్రయోగశాల బల్ల మీదికి తెచ్చిన మనిషి ఆయన. 1985లో ఎయిరిండియా కనిష్క విమానంలో బాంబు పేలినప్పుడు పోయారు.

ఇప్పటి కార్ల తోలు మీద మన చెయ్యి తగిలేది చాలామటుకు తోలు కాదు, దాని మీద పూసిన పాలీయురేథేన్ పొర. కొత్త జీన్స్ నీలం అంటుకునేదీ దానికే, అంచుల దగ్గర మొదట పగిలేదీ అదే. అందువల్ల నూనెలూ క్రీములూ దట్టించడం గోడకు పాలు పోసినట్టే, లోపలికి ఇంకవు. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, నీడలో బండి పెట్టుకోవడం కంటే గొప్ప వైద్యం లేదు. కానలీ కాలం పాత తోళ్లకు మాత్రం ఆ క్రీములు పనిచేస్తాయి, వాటికి ఆ ముసుగు పలచన.

తోలు కొనలేనివాళ్ల కోసం పుట్టింది రెక్సిన్. మనకిప్పుడు అది సరుకు పేరు, మొదట కంపెనీ పేరు. నూలుగుడ్డ మీద నైట్రోసెల్యులోజ్ పూసి తోలు గీతలు అచ్చొత్తేవారు. మన అంబాసిడర్ల సీట్లకు ఎక్కింది రెక్సినే. అది సాగదు, ముడుచుకోదు, ఎండకు పెళుసై ఒక్కసారిగా చీలుతుంది. దాన్ని మొదట తయారుచేసిన ఊరు మాంచెస్టర్ పక్కన ఉంది. ఆ ఊరి పేరు హైడ్, పలికితే అచ్చం ఇంగ్లిషులో తోలు అన్నట్టే వినిపిస్తుంది.